ఇంట్లో అర్కం దించడం



బట్టీ అనగానే మన ఊళ్లలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సారా బట్టీయే. ఆ సంగతి మొదటే తేల్చేసుకుంటే మిగతాది నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు. నేను ఇవాళ చెప్పబోయేది సారా కాచడం గురించి కాదు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో మద్యం దించుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. మన చట్టం ఒప్పుకోదు. లైసెన్సు లేకుండా కాచడమే కాదు, కాచే ఉద్దేశంతో సామాను సమకూర్చుకోవడం కూడా ఇక్కడ నేరమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు నిలిచిన కథ మీలో చాలామందికి తెలుసు. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కల్తీ సారాలో ప్రాణం తీసే మిథైల్ ఆల్కహాల్‌ని కంటితో చూసి గానీ నాలుకతో రుచి చూసి గానీ ఎవరూ పసిగట్టలేరు. కాబట్టి బెల్లం ఊట, పులియబెట్టిన కుండ మన లెక్కలో లేవు.

మన లెక్కలో ఉన్నవి వాము, పన్నీరు గులాబీ, నిమ్మగడ్డి. వీటి అర్కం, అంటే ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లు, ఇంట్లో దించుకోవడానికి ఏ అడ్డూ లేదు. కావలసిన సామాను సగం మీ వంటింట్లోనే ఉంది. మిగతా సగం ఏసీ రిపేరు చేసే కొట్టులో దొరుకుతుంది. అదెలాగో తర్వాత చెబుతాను. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. కొలతలు వచ్చినప్పుడు రెండుసార్లు చెబుతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరి చూపూ పొయ్యి మీదే ఉంటుంది. మంట ఎంత పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, ఏ గిన్నె పెట్టాలి అని అడుగుతారు. నా మాట వింటే పొయ్యి గురించి అంత బెంగ పడనక్కర్లేదు. నీళ్లను మరిగించడం మనింట్లో పదేళ్ల పిల్లకు కూడా వచ్చు. మరిగి పైకి లేచిన ఆవిరిని మళ్లీ కిందికి దించడంలోనే విద్యంతా ఉంది. అంటే చల్లబరచడంలో. అర్కం బాగా వచ్చిందా లేదా అన్నది నూటికి తొంభైపాళ్లు చల్లనీళ్ల చేతిలోనే ఉంటుంది.

ఎందుకో లెక్క చూద్దాం. ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి కొంత వేడి కావాలి కదా. 100 దగ్గర మరుగుతున్న అదే లీటరును పూర్తిగా ఆవిరి చెయ్యాలంటే దానికి ఏడెనిమిది రెట్ల వేడి కావాలి. చిన్న బర్నరు మీద సన్నని సెగన లీటరు నీళ్లు ఆవిరవడానికి గంట పట్టేది అందుకే. ఆ ఏడెనిమిది రెట్ల వేడీ ఆవిరిలో దాక్కుని ఉంటుంది. ఆవిరి మళ్లీ నీరు కావాలంటే ఆ వేడినంతా ఎవరో ఒకరు మోసుకుపోవాలి. మోసేది చల్లనీళ్లు. మన కుళాయి నీళ్లు 30 డిగ్రీల్లో ఉండి, ఆ వేడిని తీసుకుని 50 డిగ్రీలకు చేరి బయటికి పోతున్నాయనుకోండి. ఒక్క లీటరు అర్కం దిగడానికి దాదాపు 30 లీటర్ల నీళ్లు కావాలి. మళ్లీ చెబుతున్నాను, లీటరుకు 30 లీటర్లు. అంటే రెండు పెద్ద బకెట్లు. ఐసుగడ్డలతో పని కానిస్తానంటే నాలుగున్నర, ఐదు కిలోల ఐసు.

ఈ లెక్క తెలియకే చాలామంది నిరాశపడతారు. గిన్నెడు గులాబీ రేకులు వేసి, గంటసేపు మరిగించి, చివరికి అరగ్లాసు నీళ్లు కూడా దిగలేదని అంటారు. దిగాల్సినదంతా ఆవిరై వంటింట్లోకి పోయింది. ఇల్లంతా గుమగుమలాడిందని సంతోషిస్తారు పాపం! ఆ గుమగుమే వాళ్ల సీసాలోకి రావలసింది.

అందుకే కాలం కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం మేడమీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. వాటితో ఏం చల్లబరుస్తారు? ఈ పనికి ధనుర్మాసం తెల్లవారుజాము మంచిది. ఎండాకాలంలో తప్పదంటే ముందురోజు రాత్రే బకెట్లు నింపి నీడన పెట్టుకోవాలి.

చల్లబరచడమే అసలు పని అని పాతవాళ్లకు బాగా తెలుసు. తక్షశిల దగ్గర సిర్కప్ తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్‌కు కొన్ని మట్టిపాత్రలు దొరికాయి. అవి బట్టీ సామానే అని ఆయన తేల్చాడు. ఆ తర్వాత చార్‌సద్దా దగ్గర షేఖాన్ ఢేరీలో కూడా అలాంటి పాత్రలే బయటపడ్డాయి. వాటిని పట్టుకుని ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు 1979లో, బట్టీ దించడం ముందు పుట్టింది భారతదేశంలోనేమో అని ఒక వ్యాసం రాశాడు. ఈ మాట ఒప్పుకోని పండితులూ ఉన్నారు, ఆ వాదం మనకెందుకు. మనం చూడాల్సింది ఆ అమరిక. ఆవిరి గొట్టం గుండా వచ్చి ఒక కుండలో చేరుతుంది, ఆ కుండ నీళ్లలో కూర్చుని ఉంటుంది. అంతే. మన రసశాస్త్ర గ్రంథం రసరత్నసముచ్చయంలో తిర్యక్పాతన యంత్రమని ఒకటి వర్ణించారు. అదీ రెండు కుండలూ ఒక గొట్టమే. ఒక కుండ కింద మంట, రెండో కుండకు నీటి చలువ.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు చేసేవాళ్లు నేటికీ ఇదే పద్ధతిలో దించుతున్నారు. పెద్ద రాగి పాత్రను వాళ్లు దేగ్ అంటారు. అందులో పూలు, నీళ్లు పోసి, మూత అంచుకు బంకమట్టి, దూది కలిపి మెత్తి, వెదురు గొట్టంతో రెండో పాత్రకు కలుపుతారు. ఆ రెండోదాని పేరు భప్కా. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది. అది నీళ్ల తొట్టిలో మునిగి కూర్చుంటుంది. గంధపు నూనె ముందే అందులో పోసి ఉంచుతారు. పూల వాసన ఆ నూనెలోకి దిగుతుంది. పొయ్యిలో కట్టెలు, పిడకలు. థర్మామీటరు ఉండదు. పనివాడు దేగ్ లోపలి చప్పుడు విని, భప్కాను చేత్తో తడిమి, ఎప్పుడు మంట తగ్గించాలో, ఎప్పుడు తొట్టి నీళ్లు మార్చాలో చెప్పేస్తాడు. చెవి పొయ్యి వైపు, చెయ్యి చల్లనీళ్ల వైపు. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు నేర్చుకోవలసినది ఈ చెయ్యి పనే.

ఇంకో ముచ్చట. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో గులాబీ అత్తరు ఎలా పుట్టిందో రాసుకున్నాడు. నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు దించుతూ ఉండేదట. వేడివేడి పన్నీటిని వెడల్పాటి పళ్లేల్లోకి వంచినప్పుడు పైన మీగడలా ఏదో తేలడం ఆమె గమనించింది. కొంచెం కొంచెంగా దాన్ని పోగుచేసింది. ఆ సుగంధం చూసి చక్రవర్తి ముత్యాల హారం బహూకరించాడు. అంతఃపురంలోని సలీమా సుల్తాన్ బేగం దానికి జహంగీరు పేరే పెట్టింది. ఇది దర్బారు కథలా వినిపిస్తుంది గానీ ఇందులో రసాయన శాస్త్రం ఉంది. గులాబీ నూనె సుమారు 20 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలుపెడుతుంది. వేడి పన్నీటిలో కలిసిపోయి కనబడని నూనె, పళ్లెంలో చల్లారేసరికి పైకి తేలి పేరుకుంది. ఇంట్లో బట్టీ పెట్టుకున్న ఒక ఇల్లాలు చల్లారేదాకా ఆగి చూసింది కాబట్టి అత్తరు చేతికొచ్చింది.

సరే, మనింట్లోకి వద్దాం. ముందొక సందేహం తీర్చాలి. వాములో ఉండే ఘాటుకు కారణం థైమాల్ అనే పదార్థం. అది విడిగా అయితే 232 డిగ్రీల దగ్గర గానీ మరగదు. నిమ్మగడ్డి వాసనకు మూలమైన సిట్రాల్ 229 డిగ్రీల దాకా మరగదు. మరి 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లతో అవెలా పైకి లేస్తాయి? నీళ్లూ నూనే ఒకదానితో ఒకటి కలవవు. కలవనివి రెండూ ఒకే గిన్నెలో కాగుతుంటే ఎవరి ఆవిరి వాళ్లు విడివిడిగా వదులుతారు. ఆ రెండు ఆవిర్ల ఒత్తిడీ కూడి బయటి గాలి ఒత్తిడికి సమానం కాగానే మరుగు మొదలవుతుంది. అందుకే 100కి ఒక పిసరు తక్కువలోనే నీటితోపాటు నూనె కూడా లేచి వస్తుంది. తన అంతట తాను మరిగితే మాడిపోయే సువాసన, నీటి వెంట వస్తే మాడకుండా వస్తుంది.

అన్నిటికంటే తేలిక పద్ధతి, మూత తిరగేసేది. పది లీటర్ల స్టీలు డేగిశా తీసుకోండి. అడుగున మధ్యలో కుక్కర్లో వేసే స్టాండు పెట్టి, దానిమీద ఒక స్టీలు గిన్నె కూర్చోబెట్టండి. చుట్టూ నీళ్లు, పూలు. నీళ్లు గిన్నె అంచుకు బాగా కిందే ఉండాలి. డేగిశా మీద గుండ్రటి అడుగున్న కడాయి గానీ, పిడి లోపలికి వచ్చేట్టు తిరగేసిన మూత గానీ పెట్టండి. ఆ కడాయిలో ఐసు నీళ్లు. లోపల లేచిన ఆవిరి కడాయి అడుగుకు తగిలి, చల్లబడి, బొట్లు బొట్లుగా జారి మధ్యనున్న గిన్నెలో పడుతుంది. అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టండి చాలు. పిండిముద్దతో గట్టిగా మూసెయ్యకండి. ఆవిరికి ఎక్కడా దారి లేకుండా మూసి కింద మంట పెట్టడం ఏ పద్ధతిలోనైనా ప్రమాదమే. ఐసు కరిగిన నీళ్లు వేడెక్కగానే గరిటెతో తోడి మళ్లీ ఐసు వెయ్యాలి. ఈ పద్ధతిలో గులాబీ నీళ్లు చక్కగా వస్తాయి. నూనె తీయాలంటే మాత్రం ఇది చాలదు.

రెండోది కుక్కర్ పద్ధతి. ఐదు లీటర్ల కుక్కర్ తీసుకుని, పైనుండే వెయిట్ తీసెయ్యండి. అది కూర్చునే ముక్కుకు ఆహార పదార్థాలకు వాడే సిలికాన్ గొట్టం ముక్క తొడగండి. మామూలు రబ్బరు గొట్టం వద్దు, వేడికి రబ్బరు కంపు అర్కంలోకి దిగుతుంది. సేఫ్టీ వాల్వు మాత్రం ఉన్నచోటే ఉండాలి, దాని జోలికి పోవద్దు. సిలికాన్ ముక్క రెండో కొసకు రాగి గొట్టం. ఇక్కడే ఏసీ మెకానిక్ పని. పావు అంగుళం రాగి గొట్టం మూడు మీటర్లు అడగండి. మూడు మీటర్లు. కొత్తది కావాలని గట్టిగా చెప్పండి, పాతదాంట్లో ఏసీ ఆయిలు ఉంటుంది. దాన్ని చుట్ట చుట్టాలంటే లోపల సన్నని ఉప్పు నింపి రెండు కొసలూ మూసి, ఒక సీసా చుట్టూ మెల్లగా తిప్పండి. ఉప్పు లేకుండా వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. చుట్టడం అయ్యాక వేడినీళ్లు పోస్తే ఉప్పు కరిగిపోతుంది. ఇసుక నింపేవాళ్లూ ఉన్నారు గానీ ఇసుక ఒక్క రేణువు మిగిలినా తలనొప్పే.

ఆ చుట్టను ఒక ప్లాస్టిక్ బకెట్లో పెట్టి, కింది కొసను బకెట్ అడుగు పక్కన రంధ్రం చేసి బయటికి తీసి, చుట్టూ ఎంసీల్ పెట్టండి. చల్లనీళ్ల పైపు బకెట్ అడుగుకు పోవాలి, వేడినీళ్లు పైనుంచి పొర్లిపోవాలి. తిరగేసి పెడితే పని సగమే జరుగుతుంది. వేడినీళ్లు ఎప్పుడూ పైకి తేలతాయి, కాబట్టి చివరగా అర్కం దిగే చోట అన్నిటికంటే చల్లని నీళ్లుండాలి. పొర్లిన నీళ్లు పారబోయకండి. గిన్నెలు తోముకోవచ్చు, బట్టలు నానబెట్టుకోవచ్చు.

కుక్కర్ విషయంలో ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది, గాస్కెట్. ఏళ్లతరబడి సాంబారు, పప్పు మరిగిన గాస్కెట్‌కు ఆ వాసన నరనరాన పట్టి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోదు. దానితో గులాబీ నీళ్లు దించితే పన్నీటి బుడ్డిలో ఇంగువ వాసన వస్తుంది. కొత్త గాస్కెట్ కొనండి, దాన్ని ఈ పనికే ఉంచండి. ఆపైన మొదటిసారి పూలూ గింజలూ ఏమీ వెయ్యకుండా ఉత్త నీళ్లతో ఒక బట్టీ దించండి. గొట్టం లోపలి మురికి పోతుంది, ఎక్కడ ఆవిరి కారుతోందో తెలుస్తుంది, మీ చెయ్యి కూడా కుదురుకుంటుంది.

ఇక మొదటి అసలు బట్టీ. నన్నడిగితే వాముతోనే మొదలుపెట్టమంటాను. పూలలాగా వాడిపోదు, ఏడాది పొడుగునా దొరుకుతుంది, పైగా అందులో నూనె బాగా ఉంటుంది. మంచి వాములో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు నూనె. కర్నూలు మార్కెట్ యార్డు వాముకు పేరున్న చోటు. ఆ వైపువాళ్లకు కొత్త పంట వాము చేతికందేంత దూరంలో ఉంటుంది. కొనేటప్పుడు నాలుగు గింజలు అరచేతిలో నలిపి చూడండి. ముక్కు చురుక్కుమనాలి.

కొలతలు చెబుతున్నాను. వాము పావు కిలో. నీళ్లు రెండు లీటర్లు. మళ్లీ చెబుతున్నాను, వాము పావు కిలో, నీళ్లు రెండు లీటర్లు. వామును బట్టీ పెట్టే ముందే రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. ముందురోజు దంచి ఉంచితే సగం ఘాటు గాలికే పోతుంది. మెత్తగా పొడి చేస్తే అడుగంటుతుంది. దంచినదాన్ని పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి నీళ్లలో వెయ్యండి. ఈ మూట మర్చిపోకూడదు. విడిగా వేస్తే మరుగుతో గింజ పొట్టు పైకి లేచి కుక్కర్ ముక్కుకు అడ్డం పడుతుంది. ముక్కు మూసుకుంటే ఆ కుక్కర్ బాంబే. అదే కారణానికి కుక్కర్‌ను ఎప్పుడూ సగానికి మించి నింపొద్దు.

మరుగు వచ్చేదాకా పెద్ద మంట. గొట్టం వేడెక్కడం మొదలవగానే సెగ తగ్గించండి. కాసేపటికి రాగి కొస దగ్గర మొదటి బొట్టు వేలాడుతుంది. దాన్ని వేలి వెనకవైపు పట్టించి చూడండి. చల్లగా గానీ, ఒంటి వేడిలో గానీ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. చురుక్కుమంటే, లేదా కొస నుంచి పొగలా ఆవిరి వస్తుంటే, మంట తగ్గించండి, నీళ్లు పెంచండి. ఆ మొదటి గ్లాసుడు నీళ్లు తేటగా ఉండవు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటాయి. పాడైందని పారబోయకండి. అందులో కంటికి ఆననంత సన్నని నూనె బిందువులు తేలుతున్నాయి, ఆ తెలుపు వాటిదే. సీసాను కిటికీ దగ్గర పెట్టి ఏటవాలుగా చూస్తే పైన లేత పసుపు రంగు పొర మెరుస్తుంది. అదే వాము నూనె. ముప్పావు లీటరు దిగేసరికి నీళ్లు తేటబడతాయి. అక్కడ ఆపెయ్యండి. లోపల నీళ్లు ఇంకా ఉండగానే ఆపాలి. చివరి బొట్టు దాకా ఆశపడితే మూట మాడుతుంది, ఆ మాడు వాసన ముందు దిగిన అర్కాన్నంతా చెడగొడుతుంది.

దిగినదాన్ని సన్నని మెడ సీసాలో పోసి ఒక రాత్రి కదలకుండా ఉంచండి. పొద్దున్నకల్లా నూనె పైకి తేరుకుంటుంది. సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజితో మెల్లగా పైపైన లాగండి. పావు కిలోకు నాలుగైదు మిల్లీలీటర్లు వస్తే మొదటి ప్రయత్నానికి బాగా వచ్చినట్టే. ఆ నూనెను చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెడితే కొన్నాళ్లకు తెల్లని పలుకులు కట్టవచ్చు. అదే మన పచారీ కొట్లో అమ్మే వాము పువ్వు. వాము పువ్వు, పుదీనా పువ్వు, ముద్ద కర్పూరం మూడూ సమంగా కలిపితే మూడు గట్టి పదార్థాలూ కరిగి నూనె అయిపోతాయి. అమృతధార అని మన పెద్దవాళ్లు ఇంట్లో ఉంచుకునేది అదే. మిగిలిన నీళ్లు వాము అర్కం. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ స్థాపించిన బెంగాల్ కెమికల్స్ కంపెనీ ఈ వాము అర్కాన్నే ఆక్వా టైకోటిస్ పేరుతో సీసాల్లో అమ్మింది. బెంగాలీల ఇళ్లలో అజీర్ణానికి అదొక పెద్ద దిక్కు.

ఒక్క హెచ్చరిక. చంటిపిల్లలకు వాము కాచిన నీళ్లు పట్టడం మనకు అలవాటు. ఈ అర్కం ఆ కషాయంలాంటిది కాదు, బాగా ఘాటు. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు. ఇక నూనె సంగతైతే, చుక్క కూడా నేరుగా నాలుక మీద వేసుకోవద్దు. థైమాల్ చర్మాన్ని కాలుస్తుంది.

వాము కుదిరాక గులాబీ. పెళ్లిళ్లలో పన్నీటి బుడ్డితో చల్లే పన్నీరు ఈమధ్య చాలావరకు రసాయనం కలిపిన నీళ్లే. అసలు పన్నీరు ఎలా ఉంటుందో చాలామంది ముక్కుకు తెలియదు. మెత్తని రేకులు, ముదురు వాసన ఉన్న పన్నీరు గులాబీ కావాలి. దండల కోసం అమ్మే ఎర్ర గులాబీకి రంగు ఉంటుంది గానీ వాసన ఉండదు, మందులు కొట్టి ఉంటారు కూడా. పెరట్లో పూసినవైతే మేలు. పూలు ఎండెక్కకముందే కోసి వెంటనే వెయ్యాలి. రేకుల్ని ఆవిరి మీద పెట్టకండి, ముద్దకట్టి లోపలికి ఆవిరి దూరదు. నీళ్లలోనే తేలనివ్వాలి. అరకిలో రేకులకు రెండు లీటర్ల నీళ్లు పోసి, అరలీటరు, ముప్పావు లీటరు దించండి. గులాబీ నూనె కోసం ఆశపడకండి. బల్గేరియాలో కిలో నూనెకు మూడున్నర, నాలుగు వేల కిలోల పూలు పోస్తారు. మన అరకిలోలో కంటికి కనబడేదేమీ రాదు. అయితే గులాబీ వాసనలో ముఖ్యమైన భాగం నీళ్లలో కరిగే రకం, అది నీళ్లలోనే ఉండిపోతుంది. అందుకే పన్నీరు అంత బాగుంటుంది.

మల్లెపూలతో చెయ్యొచ్చా అని ప్రతివాళ్లూ అడుగుతారు. తెలుగువాళ్లం కదా, అడక్కుండా ఎలా ఉంటాం! ఇంట్లో మాత్రం వద్దు. మల్లె సువాసన మరుగుకు తట్టుకోదు. ఉడికిన ఆకు వాసన వస్తుంది. మల్లె కోసిన తర్వాత కూడా రాత్రంతా వాసన వదులుతూనే ఉంటుంది, బట్టీలో పడిన మరుక్షణం ఆ పని ఆగిపోతుంది. అందుకే పూర్వం నువ్వుల మధ్య పూలు పరిచి, మార్చి మార్చి, వాసన పట్టిన నువ్వులతో గానుగాడేవాళ్లు. పరిశ్రమలో ఇప్పుడు ద్రావకాలు వాడతారు. సంపెంగ, సన్నజాజి కూడా మొదట్లో ముట్టుకోకండి. వట్టివేళ్లు ఇంకో తిరకాసు. వాటి నూనె బరువు నీటి బరువుకు దగ్గరగా ఉంటుంది, పైకీ తేలక కిందికీ దిగక సతాయిస్తుంది. పైగా పది, పన్నెండు గంటలు పట్టినా పూర్తిగా రాదు. గ్యాసు ఖర్చుకు సరిపోదు.

నిమ్మగడ్డి మాత్రం తొలిరోజే సంతోషపెడుతుంది. ఉదయం కోసి, కొన్ని గంటలు నీడన వాడబెట్టి, అంగుళం ముక్కలుగా తరగండి. దీన్ని నీళ్లలో కాక ఆవిరి మీద పెట్టాలి. కుక్కర్ అడుగున నీళ్లు పోసి, స్టాండు మీద ఇడ్లీ రేకు పెట్టి, పైన గడ్డి. రేకు చిల్లుల్లోంచి ఆవిరి లేస్తుంది, గడ్డి మాడదు. కిలో గడ్డికి మూడు నుంచి ఐదు మిల్లీలీటర్ల నూనె వస్తుంది. అందులో మూడొంతులు సిట్రాలే. పెద్ద ఎత్తున వెయ్యాలనుకునే రైతులకు సీమ్యాప్ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. లక్నోలో ముఖ్య కార్యాలయం, హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో శాఖ. కృష్ణ అనే నిమ్మగడ్డి రకాన్ని ఇచ్చింది వాళ్లే.

చల్లనీళ్లను ఇంతగా పొగిడాను గనక ఒక మినహాయింపు కూడా చెప్పాలి. పుదీనా పువ్వులాగా గడ్డకట్టే గుణం ఉన్న నూనెలు దించేటప్పుడు బకెట్లో ఐసు వెయ్యకండి. గొట్టంలోనే పలుకుకట్టి దారి మూసేస్తాయి. అప్పుడు మామూలు కుళాయి నీళ్లే చాలు. బొట్లు ఆగి ఆగి పడుతున్నాయనిపిస్తే ముందు పొయ్యి ఆర్పండి, తర్వాతే గొట్టం సంగతి చూడండి.

నిల్వకు గాజు సీసాలే వాడండి. మరిగించి ఆరబెట్టినవి. నూనె ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అర్కాలకు బూజు పడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని వారాల్లో వాడెయ్యాలి. సీసా మీద పేరు, తేదీ రాసి అతికించండి. చూడ్డానికి అన్నీ నీళ్లే కదా, పిల్లలు మంచినీళ్లనుకుని తాగేస్తారు.

నూనె తీశాక మిగిలిన అర్కం మరీ ఎక్కువైతే పారబోయనక్కర్లేదు. రెండో బట్టీకి కొత్త నీళ్లకు బదులు దాన్నే పొయ్యండి. అందులో కరిగి ఉన్న కాస్త నూనె కూడా ఈసారి బయటపడుతుంది. పన్నీరు చేసేవాళ్లు దించిన నీళ్లనే మళ్లీ కొత్త పూల మీద పోసి దించడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. శీతాకాలం చివర కొత్త వాము వచ్చేసరికి మీ రాగి చుట్ట సిద్ధంగా ఉంచుకోండి. ఈలోగా రోజూ కుళాయి నీళ్లు ఏ వేళకు ఎంత చల్లగా ఉంటున్నాయో చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.